సారథి లేని కారు: నగర వీథులలో పాదచారి క్షేమము

ఇంగ్లండు పార్లమెంటు 1865వ సంవత్సరమున ఒక శాసనము చేసెను. రహదారిమీద ఆవిరిబండి నడచునపుడు దానికి 60 గజముల ముందుగా ఒక మనుష్యుడు ఎఱ్ఱజెండా పట్టుకొని నడువవలెను. పట్టణములలో ఆ బండి గంటకు 2 మైళ్లకు మించిన వేగముతో పోరాదు. బండి వచ్చుచున్న సంగతి ఎదుటివారికి ముందుగా తెలియవలెననియు, దాని వేగము మనుష్యుని నడకకు మించరాదనియు ఆ శాసనముయొక్క ఆశయము. కాలక్రమమున ఆ కట్టుబాట్లు సడలినవి. 1896లో వేగపరిమితి గంటకు 14 మైళ్లకు పెంచబడెను. ఆ సంవత్సరమే ఆగస్టు 17వ తేదీని లండనులోని క్రిస్టల్ పాలెసు ఆవరణలో మోటారుకారు తాకి ఒక స్త్రీ మరణించెను. బ్రిటనులో మోటారుకారువలన ప్రాణము కోల్పోయిన మొదటి పాదచారి ఆమెయే.

అప్పటినుండి కార్ల సంఖ్య పెరిగినకొలది పాదచారి కష్టమును పెరుగుచు వచ్చెను. ప్రపంచ ఆరోగ్యసంస్థవారి లెక్కప్రకారము 2021లో రోడ్డు ప్రమాదములందు మరణించినవారు సుమారు 11 లక్షల 90 వేలమంది. వారిలో నూటికి 23 మంది పాదచారులు. ఇప్పుడు కారులో కూర్చుండి చక్రము త్రిప్పు మనుష్యుడు సైతము తొలగిపోవుచున్నాడు. అమెరికాలోని ఫీనిక్సు నగరప్రాంతమున 2020 అక్టోబరులోను, శాన్ ఫ్రాన్సిస్కో నగరమున 2024 జూనులోను, సారథి స్థానమున ఎవ్వరును లేని బాడుగకార్లు సర్వజనులకును అందుబాటులోనికి వచ్చినవి.

ఇట్టి కారు పాదచారిని చూడగలదా యని అందఱును అడుగుదురు. కాని ఇంతవఱకు జరిగిన ముఖ్యమైన ప్రమాదములను పరిశీలించినచో, కీడు చూపు లోపమువలన గాక, చూచినదానిని లెక్కలోనికి తీసికొనకపోవుటవలన కలిగినట్లు తెలియుచున్నది. పాదచారి క్షేమము యంత్రపు కన్నులమీదకంటె, ఆ యంత్రమునకు బుద్ధి గఱపినవారి మనస్సులో పాదచారికి గల స్థానముమీద ఎక్కువగా ఆధారపడియున్నది.

ఆరంభదశ

ఈ యంత్రవిద్య చరిత్రలో తెలుగువారు గర్వింపదగిన పేరొకటి కలదు. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున 1937లో జన్మించిన ఆచార్య రాజ్ రెడ్డి, అమెరికాలో పిట్స్‌బర్గు నగరమందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 1979లో ఏర్పడిన రోబోటిక్స్ సంస్థకు మొదటి డైరెక్టరు. కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమని పేరుగన్న ట్యూరింగ్ బహుమానమును 1994లో ఆయన మఱియొక శాస్త్రజ్ఞునితో కలసి పొందెను. 1980వ దశకమున ఆ విశ్వవిద్యాలయమందు ‘నావ్‌ల్యాబ్’ అను పేరుతో తమంత తాము నడచు బండ్ల నిర్మాణము సాగెను. 1995లో ఆ వరుసలోని ఐదవ బండి పిట్స్‌బర్గునుండి పశ్చిమతీరమందలి శాన్ డియాగోవఱకు ప్రయాణము చేసెను. ఆ దారిలో నూటికి 98 పాళ్లు చక్రమును యంత్రమే త్రిప్పెను. బ్రేకును, వేగమును మాత్రము లోపలి మనుష్యులు చూచుకొనిరి. ఆ ప్రయాణము చాలవఱకు పెద్ద రహదారులమీద సాగినది.

2007 నవంబరు 3వ తేదీని అమెరికా రక్షణశాఖకు చెందిన డార్పా సంస్థ కాలిఫోర్నియాలో మూతపడిన ఒక వైమానిక స్థావరపు వీథులలో సారథి లేని బండ్లకు పోటీ నడిపెను. 60 మైళ్ల దూరమును 6 గంటలలో ముగింపవలెను. దారిలో ఇతర వాహనములకు తప్పుకొనవలెను. కార్నెగీ మెలన్ వారి బండియే గెలిచెను. ఆ పోటీకి ‘నగర పోటీ’ అని పేరు. ఐనను ఆ వీథులలో పాదచారి యొక్కడును లేడు. అది నాటి నిర్వాహకుల తప్పు కాదు. ఏ శాస్త్రమైనను సులభమైన మెట్టునే మొదట ఎక్కును. కాని ఈ విద్యలో పాదచారి మొదటినుండియు ఉన్నవాడు కాడనియు, కడపట వచ్చి చేరినవాడనియు మాత్రము గుర్తుంచుకొనవలసియున్నది.

యంత్రము చూచు విధము

సారథి లేని కారునకు సాధారణముగా మూడువిధముల కన్నులుండును. మొదటిది కెమెరా. ఇది రంగులను, ఆకారములను, దీపస్తంభపు గుర్తులను చూచును. చీకటి, పొగమంచు దీనికి అడ్డు. రెండవది రాడారు. ఇది రేడియో తరంగములను పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనినిబట్టి ఎదుటి వస్తువుయొక్క దూరమును, వేగమును తెలిసికొనును. మూడవది లైడారు. ఇది కంటికి కనబడని లేజరు కిరణములను నలుదిక్కులకు వెదజల్లి, అవి తిరిగివచ్చు కాలమును కొలిచి, పరిసరముల రూపమును బిందువులతో చిత్రించును. రాత్రియైనను దీని చూపు తగ్గదు. కొన్ని కంపెనీలు ఈ మూడింటిని వాడుచుండగా, కొన్ని కెమెరాలనే నమ్ముకొనియున్నవి.

చూచుటతోనే పని ముగియదు. కనబడిన వస్తువు మనుష్యుడా, సైకిలా, చెత్తబుట్టయా యని గుర్తింపవలెను. గుర్తించినపిమ్మట అది రాబోవు క్షణములలో ఎటు కదలునో ఊహింపవలెను. ఆ ఊహనుబట్టి ఆగుటయో, వేగము తగ్గించుటయో, ప్రక్కకు తొలగుటయో నిర్ణయింపవలెను. చూపు, గుర్తింపు, ఊహ, నిర్ణయము: ఈ నాలుగు మెట్లలో ఏ యొక్కటి తప్పినను పాదచారికి ప్రమాదమే.

ఇందు వేగముయొక్క ప్రాముఖ్యమును కొంత లెక్కతో చూడవచ్చును. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు కారు సెకనునకు 11 మీటర్లు సాగును. మనుష్యుడు అపాయమును గ్రహించి బ్రేకు త్రొక్కుటకు ఒకటిన్నర సెకను పట్టినచో, బ్రేకు పడకమునుపే కారు 16 మీటర్లు పోయియుండును. పొడిరోడ్డుమీద బ్రేకు పడినపిమ్మట ఆగుటకు మఱి 9 లేక 10 మీటర్లు కావలెను. యంత్రమునకు అలసట లేదు, పరధ్యానము లేదు. కావున ఆ మొదటి భాగమున అది చాలవఱకు మిగిల్పగలదు. రెండవ భాగమును మాత్రము తగ్గింపజాలదు, అది ప్రకృతిధర్మము. వేగము రెట్టింపైనచో బ్రేకు దూరము నాలుగింతలగును. నిలిచియున్న బస్సు చాటునుండి 5 మీటర్ల ముందునకు బిడ్డ పరుగెత్తివచ్చినచో, మంచి యంత్రమైనను ఆగజాలదు. బస్సు చాటున బిడ్డ యుండవచ్చునని ముందే తలచి మెల్లగా పోయిననే రక్షణ. అనగా యంత్రమునకు చుఱుకుదనముకంటె ముందుచూపు ముఖ్యము.

టెంపీ ప్రమాదము

2018 మార్చి 18వ తేదీ రాత్రి సుమారు 10 గంటలకు అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున టెంపీ పట్టణమందు, 49 ఏండ్ల స్త్రీ యొకతె సైకిలును నడిపించుకొనుచు వెడల్పయిన రోడ్డును దాటుచుండెను. ఊబర్ కంపెనీవారు పరీక్షించుచున్న కారు ఆమెను తాకెను, ఆమె మరణించెను. తనంత తాను నడచు పరీక్షాదశలోని కారు పాదచారిని చంపుట అదే మొదటిసారి. సారథి స్థానమున పర్యవేక్షణకై నియమింపబడిన ఉద్యోగి ఉండెను గాని, ఆ సమయమున ఆ ఉద్యోగి దృష్టి రోడ్డుమీద లేదు, సెల్‌ఫోనుమీద ఉండెను.

అమెరికా జాతీయ రవాణా భద్రతామండలి ఈ సంఘటనను శోధించి 2019 నవంబరులో తన నిర్ణయములను వెల్లడించెను. తాకుటకు 5.6 సెకనుల ముందే రాడారు ఆమెను కనిపెట్టెను. అప్పుడు కారు వేగము గంటకు సుమారు 70 కిలోమీటర్లు. మధ్య దూరము 100 మీటర్లకు పైమాట. ఆగుటకు అది చాలినంత దూరము. కాని యంత్రము ఆమెను ఒకసారి వాహనమనియు, ఒకసారి ‘ఇతర వస్తువు’ అనియు, ఒకసారి సైకిలనియు మార్చి మార్చి తలచెను. పేరు మారినప్పుడెల్ల ఆమె అంతకుముందు కదలివచ్చిన దారిని మఱచి, మఱల మొదటినుండి లెక్క మొదలుపెట్టెను. అందుచేత ఆమె తన దారికి అడ్డుగా వచ్చుచున్నదని చివరివఱకు గ్రహింపలేకపోయెను. పాదచారియని యొక్కసారియైనను అనుకొనలేదు. దాటుటకు ఏర్పఱచిన గీతలు లేనిచోట మనుష్యుడు రోడ్డు దాటవచ్చునను భావమే ఆ యంత్రమునకు నేర్పబడలేదు.

ఇంకొక సంగతి. తాకుటకు 1.2 సెకనుల ముందు యంత్రము అపాయమును గ్రహించెను. కాని లేని అపాయమును ఉన్నదనుకొని మాటిమాటికి గట్టిగా బ్రేకు వేయకుండుటకై, అట్టి సమయమున ఒక సెకను ఊరకుండవలెనని నిర్మాతలు ఏర్పాటు చేసియుండిరి. ఆ సెకను గడచినపిమ్మట మిగిలినది 0.2 సెకను. కారు గంటకు సుమారు 63 కిలోమీటర్ల వేగముతో ఆమెను తాకెను. ఆ కారును తయారుచేసిన వోల్వోవారు స్వయముగా అమర్చిన అత్యవసరపు బ్రేకు సాధనమును ఊబర్ వారు పరీక్షాసమయమున పనిచేయకుండ ఆపియుంచిరి. పూర్వము కారులో ఇద్దఱు పర్యవేక్షకులుండెడివారు. 2017లో ఒక్కరికి తగ్గించిరి.

ఉద్యోగి పరధ్యానమే ప్రధానకారణమని మండలి తీర్మానించెను. కంపెనీలో భద్రతపట్ల తగిన శ్రద్ధ లేకపోవుటయు, రాష్ట్రప్రభుత్వపు పర్యవేక్షణ చాలకపోవుటయు, గీతలు లేనిచోట ఆమె రోడ్డు దాటుటయు తోడ్పడిన కారణములని చెప్పెను. వీనినన్నిటిని కలిపి చూచినచో స్పష్టమగునది ఒకటి: చీకటిలో యంత్రపు చూపు తప్పలేదు. గుర్తింపు, ఊహ, నిర్ణయము, ఈ మూడు మెట్లును తప్పినవి. ఆ మూటికిని మూలము ముందుగా మనుష్యులు చేసికొన్న ఏర్పాట్లే.

పాదచారి తప్పరి యైన విధము

గీతలు లేనిచోట దాటువాడు లెక్కలో లేకపోవుట యాదృచ్ఛికము కాదు. దాని వెనుక ఒక చరిత్ర కలదు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లవఱకు అమెరికా నగరములలో వీథి అందఱిదిగా ఉండెను. పిల్లలు ఆడుకొనెడివారు, అంగడివారు బేరములు చేసెడివారు, ఎవరైనను ఎక్కడనైనను దాటెడివారు. కార్లు పెరిగి మరణములు హెచ్చినప్పుడు ప్రజలు మొదట కారునే నిందించిరి. అప్పుడు మోటారు వర్తకసంఘములు మొదలగువారు ఆ నిందను పాదచారి మీదికి త్రిప్పుటకు ప్రచారము సాగించిరి. ‘జేవాకర్’ అను తిట్టుమాట అట్లు వ్యాప్తికి వచ్చెను. పట్నపు నడవడి తెలియక వీథిలో తిరుగు పల్లెటూరి బైతు అని దాని భావము. 1925లో లాస్ ఏంజెలెసు నగరము ఇట్టి నడకను నిషేధించుచు నిబంధన చేసెను. తరువాత అనేక నగరములు దానిని అనుసరించినవి. కాలిఫోర్నియా రాష్ట్రము 2023 జనవరి 1నుండి ఈ పట్టును సడలించి, ఢీకొను అపాయము వెంటనే లేనిచో పాదచారిని పోలీసులు ఆపరాదని శాసించెను.

చట్టమున తప్పనబడినంతమాత్రమున ఆ పని లోకములో జరుగకుండునా? ప్రతి మనుష్యచోదకునికిని ఇది తెలిసినదే. దీపము ఎఱ్ఱగా నున్నను మనుష్యులు దాటుదురు. బంతి వెంట పిల్లలు ఉఱుకుదురు. త్రాగినవాడు తూలుచు అడ్డము వచ్చును. సరిగా నడువనివానిని సైతము చంపకుండుటయే మంచి చోదకుని లక్షణము. టెంపీ యంత్రమునకు చట్టపు గీత తెలిసినది. ఈ లోకజ్ఞానము తెలియలేదు.

శాన్ ఫ్రాన్సిస్కో ప్రమాదము

2023 అక్టోబరు 2వ తేదీ రాత్రి శాన్ ఫ్రాన్సిస్కోలో మఱియొక ప్రమాదము జరిగెను. మనుష్యుడు నడపుచున్న కారొకటి ఒక స్త్రీని తాకి, ప్రక్కవరుసలోని సారథి లేని క్రూజ్ కంపెనీ కారు ముందునకు విసరివైచెను; తాకినవాడు ఆగక పోయెను. క్రూజ్ కారు గట్టిగా బ్రేకు వేసినను ఆమెమీదికి పోయి ఆగెను. ఇంతవఱకు ఏ చోదకునికైనను తప్పించుట దుర్ఘటమే. కాని తరువాత జరిగినది వేఱు. తనను ప్రక్కనుండి ఏదో తాకినదని యంత్రము పొరపడి, దారికి అడ్డులేకుండ అంచునకు తొలగవలెనని నిశ్చయించి, క్రిందనున్న ఆ స్త్రీని సుమారు 20 అడుగులు ఈడ్చుకొనిపోయెను. ఆమె తీవ్రముగా గాయపడి బ్రతికెను. అంచునకు తొలగుట మంచి నియమమే. ఐనను ప్రమాదము జరిగిన తరువాత మనుష్యుడైనచో కారు దిగి క్రిందికి వంగి చూచును. ఆ వంగి చూచుటకు బదులు యంత్రమునకు ఏమియు ఏర్పఱుపలేదు.

దీనికి తోడు, ఈడ్చుకొనిపోయిన సంగతిని కంపెనీవారు అధికారులకు పూర్తిగా తెలుపలేదని తేలెను. అక్టోబరు 24వ తేదీని కాలిఫోర్నియా మోటారు వాహనశాఖ ఆ కంపెనీ అనుమతులను నిలిపివేసెను. నవంబరులో కంపెనీ తన 950 కార్లను సవరణకై వెనుకకు తీసికొనెను. అసత్యపు నివేదిక ఇచ్చినట్లు 2024 నవంబరులో అంగీకరించి 5 లక్షల డాలర్ల జుల్మానాకు ఒప్పుకొనెను. ఆ సంవత్సరము డిసెంబరులో యజమానియైన జనరల్ మోటార్స్ ఆ బాడుగకార్ల ప్రయత్నమును విరమించెను. యంత్రపు తప్పును సరిదిద్దవచ్చును. దానిని దాచిన మాటవలన పోయిన నమ్మకమును తిరిగి తెచ్చుట కష్టము.

అనుకూలమగు సాక్ష్యము

ఇంతమాత్రముచేత ఈ విద్యయే ప్రమాదకరమని తీర్మానించుట న్యాయము కాదు. 2009లో గూగుల్ సంస్థయందు ఆరంభమై 2016లో వేఱుపడిన వేమో కంపెనీ కార్లు, 2025 జనవరి చివరవఱకు, లోపల చోదకుడు లేకుండ 5 కోట్ల 67 లక్షల మైళ్లు తిరిగినవి. అవే నగరములలో మనుష్యులు నడపు కార్లతో పోల్చగా, పాదచారులకు గాయములైన ప్రమాదములు నూటికి 92 పాళ్లు తక్కువగా నున్నవని ఆ కంపెనీ పరిశోధకులు 2025లో ప్రకటించిరి. త్రాగి నడపుట, నిద్రతో నడపుట, ఫోను చూచుచు నడపుట యంత్రమున లేవు గనుక ఇది నమ్మశక్యమైన ఫలితమే.

ఐనను రెండు సంగతులు గమనింపవలెను. ఆ లెక్క కట్టినవారు కంపెనీకి చెందినవారు. స్వతంత్రుల పరిశీలన దానికి బలము చేకూర్పవలెను. రెండవది, అమెరికాలో మనుష్యులు నడపు వాహనములచే 2023లో ప్రతి 10 కోట్ల మైళ్లకు 1.26 మరణములు సంభవించినవి. కావున 6 కోట్లకు లోబడిన మైళ్లనుబట్టి గాయముల విషయమున మాట చెప్పవచ్చును గాని, మరణముల విషయమున నిశ్చయముగా చెప్పుటకు ఇంకను చాలదు.

సారథి లేని కారును, సారథికి సహాయపడు సాధనములు గల మామూలు కారును వేఱుగా చూడవలెను. పాదచారిని చూచి తానే పడు బ్రేకు గల మామూలు కార్లను 2022లో అమెరికా బీమాసంస్థల పరిశోధనాలయము పరీక్షింపగా, పాదచారులను తాకు ప్రమాదములు నూటికి 27 పాళ్లు తగ్గినట్లు తేలెను. కాని వీథిదీపములు లేని చీకటిరోడ్లమీద ఏమియు తగ్గలేదు. ఒక సాధనముయొక్క మంచి పేరు మఱియొక దానికి అంటగట్టరాదు.

భారతదేశపు వీథులు

భారతదేశమున 2022లో రోడ్డు ప్రమాదములందు మరణించినవారు 1,68,491 మంది. వారిలో పాదచారులు 32,825 మంది. అనగా చనిపోయిన ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు నడచిపోవువారు. ఈ దేశమునకు తగిన యంత్రవిద్యకై సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాదు ఐ.ఐ.టి. ఆవరణమున ‘తిహాన్’ అను కేంద్రము ఏర్పడి, సారథి లేని వాహనములను పరీక్షించు క్షేత్రము 2022 జూలై 4వ తేదీని ప్రారంభింపబడెను. 2019లో సవరింపబడిన మోటారు వాహనచట్టము నూతన వాహనముల పరిశోధనకు కొన్ని మినహాయింపులను ఈయగలదు. మఱియొకప్రక్క, చోదకుల జీవనోపాధి పోవునను కారణమున ఇట్టి కార్లను దేశములోనికి రానీయబోమని కేంద్ర రవాణామంత్రి 2017లో ప్రకటించెను.

హైదరాబాదు, విశాఖపట్టణము, బెంగళూరు, చెన్నపట్టణము వంటి నగరములలో పాదచారి స్థితి అమెరికాలోని దానికంటె వేఱు. కాలిబాట ఉన్నచోట దానిని అంగళ్లును, మోటారుసైకిళ్లును ఆక్రమించియుండును. నడచువాడు రోడ్డుమీదికి దిగక తప్పదు. దాటుటకు గీతలున్నను వానివద్ద కార్లు ఆగుట అరుదు. అందుచే పదిమంది కూడి, చేయి చాచి ఆపుచు, కార్ల నడుమ సందు చూచుకొని దాటుదురు. చోదకుడు తల ఊపిన ముందడుగు వేయుదురు. హారను మ్రోగిన వెనుకకు తగ్గుదురు. ఇది కన్నులకును కన్నులకును జరుగు సంభాషణ. సారథి లేని కారులో ఎదురుచూచు కన్నులు లేవు. చాచిన చేతిని అర్థముచేసికొనలేని యంత్రము ఇచట రెండింటిలో ఒకటి చేయును: అడుగడుగునకు ఆగి కదలకయే యుండును, లేక త్రోసికొనిపోయి ప్రాణము తీయును. టెంపీలో ఒక స్త్రీ విషయమున తప్పిన లెక్క ఇచట ప్రతి కూడలియందును తప్పును. ఏలయనగా గీతలు లేనిచోట దాటుట ఇచట మినహాయింపు కాదు, నిత్యవ్యవహారము.

బాధ్యత యెవరిది

టెంపీ విషయమున ఊబర్ కంపెనీపై నేరము మోపుటకు ఆధారము లేదని 2019లో ప్రభుత్వ న్యాయవాదులు తేల్చిరి. పర్యవేక్షక ఉద్యోగి 2023లో తప్పు ఒప్పుకొనగా, మూడేండ్ల ప్రొబేషను విధింపబడెను. యంత్రమును తీర్చినవారు, బ్రేకును ఆపినవారు, రెండవ పర్యవేక్షకుని తీసివేసినవారు ఎవ్వరును న్యాయస్థానమున నిలువవలసిన పని లేకపోయెను. ఈ లోపమును గుర్తించియే బ్రిటను 2024లో స్వయంచాలిత వాహనచట్టమును చేసెను. కారు తనంత తాను నడచుచున్నప్పటి నడకకు లోపలి మనుష్యుడు గాక, అనుమతి పొందిన సంస్థయే జవాబుదారి. శ్రద్ధయు సామర్థ్యమును గల మనుష్యచోదకునికి తగ్గని భద్రత యుండవలెనని అందు నియమము. జర్మనీ ప్రభుత్వము నియమించిన నీతిసంఘము 2017లో, ఆస్తినష్టముకంటె మనుష్యప్రాణము ముఖ్యమనియు, వయస్సు, లింగభేదములనుబట్టి ఒక ప్రాణము ఎక్కువ, ఒకటి తక్కువ యని యంత్రమునకు నేర్పరాదనియు చెప్పెను.

కావున ఏ నగరమైనను ఇట్టి కార్లను తన వీథులలోనికి రానిచ్చుటకు ముందు నిర్మాతలను మూడు ప్రశ్నలు అడుగవలెను. గీతలు లేనిచోట, చీకటిలో, మూట మోసికొనియో సైకిలు నడిపించుకొనియో దాటు మనుష్యుడు మీ లెక్కలో ఉన్నాడా? ప్రమాదము జరిగినపిమ్మట మీ యంత్రము ఏమి చేయును? జరిగినదానిని జరిగినట్లు, దాచక, ఎవరికి చెప్పుదురు, ఎవరు జవాబు చెప్పుదురు? వీనికి తృప్తికరమైన సమాధానములు లభించినచో ఈ యంత్రము పాదచారికి మేలే చేయును. త్రాగిన చోదకునికంటె అది వేయిరెట్లు మంచి తోడు. లభింపనిచో కారుకు ఎన్ని కన్నులమర్చినను వీథిలో నడచు సామాన్యునికి రక్షణ లేదు. ఆ సామాన్యునికి కారు లేదు, లైసెన్సు లేదు, కంపెనీతో ఒప్పందమును లేదు. ఈ పరీక్షలో తన ప్రాణమును ఒడ్డుచున్నట్లు కూడ అతనికి తెలియదు. అతని పక్షమున ఆ ప్రశ్నలు అడుగుట పౌరసంఘములకును, ప్రభుత్వములకును విధి.